తమది కాని ఫీజు కోసం 65 రోజులు

2013 మే 8న న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్ అనే చిన్న కాలేజీలో కొన్ని డజన్ల మంది విద్యార్థులు ప్రెసిడెంటు ఆఫీసులోకి వెళ్లి అక్కడే బైఠాయించారు. అమెరికా కాలేజీల్లో ప్రెసిడెంటంటే మన వైస్ ఛాన్సలర్ లాంటి పదవి. ఆ ఆఫీసు లాబీ గోడలకు నల్లరంగు పూశారు. అక్కడే తిన్నారు, నేలమీదే పడుకున్నారు, డ్రాయింగులు వేసుకున్నారు, పరీక్షలకు చదువుకున్నారు. సెలవులిచ్చినా కదల్లేదు. జూలై 12న యాజమాన్యంతో ఒక ఒప్పందం కుదిరాకే ఖాళీ చేశారు. మొత్తం 65 రోజులు.

అంతకు రెండు వారాల ముందు, ఏప్రిల్ 23న, కాలేజీ ట్రస్టీల బోర్డు ఒక నిర్ణయం ప్రకటించింది. తరతరాలుగా ట్యూషన్ ఫీజు లేకుండా చదువు చెబుతున్న ఆ కాలేజీలో ఇకమీదట ఫీజు ఉంటుందని, అది దాదాపు నలభై వేల డాలర్లని, అందులో సగం స్కాలర్‌షిప్‌గా కాలేజీయే భరించి మిగిలిన సగం, అంటే ఏడాదికి ఇరవై వేల డాలర్ల వరకు, విద్యార్థి దగ్గర తీసుకుంటుందని దాని సారాంశం. పేదపిల్లలకు అదనపు సాయం ఉంటుందనీ చెప్పారు. అయితే ఇదంతా 2014లో కొత్తగా చేరేవాళ్లకు. అప్పటికే చదువుతున్నవాళ్లకు పాత పద్ధతే. అంటే ఆ ఆఫీసులో నేలమీద పడుకున్న పిల్లల్లో ఒక్కరి జేబు నుంచి కూడా ఒక్క డాలరు పోదు. మరి ఎవరి కోసం కూర్చున్నట్టు?

మన దగ్గర 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ విద్యాసంస్థల ముందు కొన్ని షరతులు పెట్టినప్పుడు విశాఖ, కాకినాడ, అనంతపురం లాంటి చోట్ల విద్యార్థులు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. కాలేజీ ప్రైవేటు చేతికి పోతే రేపు ఫీజు ఎక్కడినుంచి తేవాలన్నది వాళ్ల భయం. ఆ భయం సొంత ఇంటిది, న్యాయమైనది. చివరికి ప్రభుత్వం ఎయిడెడ్‌గానే కొనసాగే వీలు కూడా ఇచ్చింది. కూపర్ యూనియన్‌లో జరిగింది ఇంకోరకం. అక్కడి పిల్లలు ఇంకా గేటు దాటి లోపలికి రాని, పేరు కూడా తెలియని తమ్ముళ్ల తరఫున, చెల్లెళ్ల తరఫున కొట్లాడారు. అందుకే ఆ కథ మనకు వివరంగా తెలియాలని నా కోరిక.

ఆ కాలేజీ పెట్టినాయన పీటర్ కూపర్, 1791లో పుట్టాడు. చిన్నప్పుడు బడిలో కూర్చున్నది మొత్తంమీద ఏడాది కూడా ఉండదు. జిగురు తయారుచేసే కర్మాగారం పెట్టి బాగా సంపాదించాడు. అమెరికాలో తయారైన తొలితరం ఆవిరి రైలింజన్లలో ఒకటైన ‘టామ్ థంబ్’ను 1830లో నడిపించింది ఆయనే. చేతిపని తెలిసి, చదువు దొరకని మనిషి. తనలాంటి కుర్రాళ్లు పగలు పనికి పోయి రాత్రి చదువుకునే చోటు ఊళ్లో ఒకటుండాలనుకున్నాడు. 1859లో ఆ చోటు కట్టేశాడు. ఆడవాళ్లకూ ప్రవేశం ఇచ్చాడు, జాతి, మతం అడ్డు పెట్టలేదు. అమెరికాలో అంతర్యుద్ధం ఇంకా మొదలుకాని రోజులవి, బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న రోజులు. మరుసటి ఏడాదే, 1860 ఫిబ్రవరిలో, ఆ భవనం కింది సభామందిరంలోనే బానిసత్వ విస్తరణకు వ్యతిరేకంగా లింకన్ ప్రసంగించాడు. ఆయన్ను దేశాధ్యక్ష పదవికి దగ్గర చేసిన ప్రసంగంగా చరిత్రకారులు దాన్ని చెబుతారు.

ఆ భవనంలో ఒక వింత ఉంది. కట్టేటప్పుడే కూపర్ కింది నుంచి పైదాకా గుండ్రటి గొట్టంలాంటి ఖాళీ వదిలిపెట్టించాడు. మనుషుల్ని పైకి మోసే లిఫ్టు అప్పటికి ఆ భవనానికి లేదు. ఎప్పుడో ఒకప్పుడు మంచిది వస్తుంది, వచ్చినప్పుడు గోడలు పగలగొట్టకుండా పెట్టుకోవచ్చని ఆయన నమ్మకం. ఇంకా రాని వాటికి కూడా చోటు ఉంచి కట్టిన మనిషి ఆయన.

తర్వాతి కాలంలో ఆ కాలేజీ ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, చిత్రకళ అనే మూడు విభాగాలుగా స్థిరపడింది. మొత్తం వెయ్యి మంది లోపే విద్యార్థులు. సీటు రావడం చాలా కష్టం. వచ్చిందా, ట్యూషన్ ఫీజు ఉండేది కాదు. గది అద్దె, తిండి, రంగులు, పుస్తకాలు ఎవరివి వాళ్లే చూసుకోవాలి. చదువుకు మాత్రం వెల కట్టేవారు కాదు. డబ్బున్నవాళ్ల పిల్లలకూ అంతే, లేనివాళ్ల పిల్లలకూ అంతే.

ఇక్కడ ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. ఉన్నవాళ్ల దగ్గర తీసుకుంటే తప్పేముంది? లేనివాళ్లకు మాఫీ చేస్తే సరిపోతుంది కదా? ట్రస్టీల వాదన కూడా దాదాపు ఇదే. వినడానికి సబబుగానే ఉంటుంది. ఆ మాట కొట్టిపారేయాల్సింది కాదు గనుక విద్యార్థులు దానికేం జవాబు చెప్పారో నిదానంగా చూడాలి.

ఎవరికీ ఫీజు లేనిచోట నీ తండ్రి ఏం చేస్తాడని ఎవరూ అడగరు. ఆదాయం సర్టిఫికెట్ పట్టుకుని కిటికీ ముందు నిలబడే పని లేదు. పక్కసీటు వాడు డబ్బు కట్టి కూర్చున్నాడా, దయమీద కూర్చున్నాడా అన్న ఆలోచనే రాదు. పాఠం చెప్పేవాళ్లకు కూడా ఎదుట ఉన్నది సొమ్ము చెల్లించిన ఖాతాదారు కాదు. బొమ్మ బాగాలేకపోతే బాగాలేదని మొహంమీదే చెప్పొచ్చు. సీటు ఇచ్చేటప్పుడు ఈ అబ్బాయి కట్టగలడా అన్న లెక్క దొడ్డిదారిన కూడా లోపలికి రాదు. ఫీజు మొదలైతే ఈ నాలుగూ ఒక్కొక్కటిగా మారతాయి, సగమే తీసుకున్నా మారతాయి. ఆ తర్వాత అది అమెరికాలో ఉన్న వేల కాలేజీల్లో ఇంకొకటి అవుతుంది, అంతే. విద్యార్థులు కాపాడాలనుకున్నది డబ్బుకంటే ముందు ఆ వాతావరణాన్ని. వాళ్లతో నేను ఏకీభవిస్తాను.

కానీ ఖజానా సంగతి కూడా నిజం. ఫీజు లేకుండా కాలేజీ ఎలా నడిచింది? న్యూయార్క్‌లో పేరుమోసిన క్రైస్లర్ బిల్డింగ్ నిలబడ్డ నేల కూపర్ యూనియన్‌దే. దాని అద్దె కాలేజీకి వచ్చేది. ఆ స్థలంమీద నగరానికి పోవాల్సిన పన్నుతో సమానమైన సొమ్ము కూడా కాలేజీకే చేరే ప్రత్యేక ఏర్పాటు ఉంది. ఇది చాలా ఏళ్లు కాపాడింది. అయినా ఖర్చు రాబడిని దాటిపోతూ వచ్చింది. లోటు వచ్చినప్పుడల్లా ఆస్తి అమ్మి పూడ్చడం అలవాటైంది. అదలా ఉండగా 2006లో ఆ క్రైస్లర్ స్థలాన్నే తాకట్టు పెట్టి 17.5 కోట్ల డాలర్ల అప్పు తెచ్చారు. పాత భవనానికి ఎదురుగా ఇంజనీరింగ్ వాళ్ల కోసం మెరిసే లోహపు తొడుగుతో ఒక ఆధునిక భవనం లేచింది. 2009లో తలుపులు తెరిచారు. దానికి ఇచ్చే దాతలు అనుకున్నంతగా ముందుకు రాలేదు. 2008 ఆర్థిక సంక్షోభం మధ్యలో వచ్చి పడింది. అప్పు మాత్రం మిగిలింది. 2013 నాటికి ఏడాది లోటు 1.2 కోట్ల డాలర్ల దాకా చేరింది.

జంషెడ్ భరూచా ప్రెసిడెంటుగా వచ్చింది 2011లో. ముంబయిలో పుట్టిన పార్సీ, మెదడు పనితీరుమీద పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. తెలుగువాళ్లకు ఆయనతో ఒక సంబంధం కూడా ఉంది. తర్వాతి కాలంలో అమరావతిలోని ఎస్.ఆర్.ఎం. యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. ఆయన గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ అప్పు ఆయన చేసింది కాదు. వచ్చిన కొద్ది నెలలకే ఖజానా పరిస్థితి బయటపెట్టింది ఆయనే. అప్పటిదాకా యాజమాన్యం కాలేజీ ఆర్థికంగా బాగుందనే బయటికి చెప్పుకొచ్చింది. ఆయన తేల్చినదేమంటే, ఫీజు తప్ప దారి లేదని. గొడవంతా ఆ ‘తప్ప’ దగ్గరే.

విద్యార్థులు లోటు లేదనలేదు. లోటు తెచ్చిన నిర్ణయాలు ఎవరివి, ఆ సమావేశాల మినిట్స్ ఏవి, మాతో ఎందుకు చెప్పలేదు అని అడిగారు. భవనం కట్టాలని తీర్మానించినవాళ్లు ట్రస్టీలు. దాని మూల్యం చెల్లించేది అప్పటికి ఇంకా బడిలో చదువుతున్న పిల్లలు. ఇదేం లెక్క? 2012 డిసెంబరులోనే పదకొండు మంది విద్యార్థులు పాత భవనం పై అంతస్తు గదిలో వారంపాటు తలుపులు బిగించుకుని కూర్చున్నారు. కిటికీలోంచి ఎర్రటి బ్యానర్ వేలాడదీశారు. అప్పుడు బోర్డు పెద్దగా కదల్లేదు. మే నెలలో ఆఫీసులోకి పోవడం ఆ మొదటి ప్రయత్నం ఫలించనందువల్లే.

65 రోజుల తర్వాత కుదిరిన ఒప్పందంతో ఫీజు రద్దు కాలేదు. విద్యార్థులు, అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు, ట్రస్టీలు కలిసిన ఒక వర్కింగ్ గ్రూపు ఏర్పడింది. ఫీజు లేకుండా నడపడానికి ఎక్కడెక్కడ ఖర్చు తగ్గించవచ్చో అది లెక్కలు కట్టి నివేదిక ఇచ్చింది. 2014 జనవరిలో బోర్డు ఆ నివేదిక చాలదని తేల్చి ఫీజుకే కట్టుబడింది. ఆ సెప్టెంబరులో ఫీజు కట్టే మొదటి బ్యాచ్ క్లాసుల్లోకి వచ్చింది.

విద్యార్థి ఉద్యమాలకు ఎక్కడైనా ఒక బలహీనత ఉంటుంది. విద్యార్థి నాలుగేళ్లలో వెళ్లిపోతాడు, యాజమాన్యం ఉండిపోతుంది. కాస్త ఓపిక పడితే ఆ బ్యాచ్ పోతుంది, కొత్తవాళ్లకు పాత సంగతి తెలియదు. మన యూనివర్సిటీల్లో ఎన్ని ఆందోళనలు ఇలా చల్లబడిపోలేదు! కూపర్ యూనియన్‌లో అలా కాలేదు. పూర్వ విద్యార్థులు, అధ్యాపకులు, కొత్తగా చేరబోతున్నవాళ్లు కలిసి ‘కమిటీ టు సేవ్ కూపర్ యూనియన్’ అని పెట్టుకుని 2014 మేలో న్యూయార్క్ కోర్టుకెక్కారు.

కోర్టులో వాళ్ల పట్టు ఎక్కడుందో తెలియాలంటే ట్రస్టు అంటే ఏమిటో చూడాలి. దాత ఒక పనికోసం ఆస్తి రాసిచ్చి, ఆ పని ఏమిటో పత్రంలో రాస్తాడు. ట్రస్టీలు ఆ ఆస్తికి యజమానులు కారు, కాపలాదారులు. ఏ పనికోసం ఇచ్చారో ఆ పనిని తమ ఇష్టప్రకారం మార్చే హక్కు వాళ్లకు ఉండదు. మార్చక తప్పని పరిస్థితి వస్తే కోర్టు దగ్గరికి వెళ్లి, ఎందుకు తప్పదో రుజువు చేసి, అనుమతి తెచ్చుకోవాలి. 1859లో కూపర్ రాసిన పత్రం ఉచిత విద్యను షరతు చేసిందని విద్యార్థుల పక్షం, చేయలేదని బోర్డు పక్షం. న్యూయార్క్‌లో ధార్మిక ట్రస్టుల బాగోగులు చూసే బాధ్యత రాష్ట్ర అటార్నీ జనరల్‌ది. అప్పటి అటార్నీ జనరల్ ఎరిక్ ష్నైడర్‌మన్ విచారణ మొదలుపెట్టారు. బైఠాయింపు రోజుల్లో విద్యార్థులు అడిగిన ప్రశ్నలే ఇప్పుడు ప్రభుత్వ న్యాయవాదుల నోట వచ్చాయి. వాటికి జవాబు దాటవేయడం కుదరదు.

2015 జూన్‌లో ఒకేరోజు అయిదుగురు ట్రస్టీలు రాజీనామా చేశారు. ఆ మర్నాడే భరూచా కూడా తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. సెప్టెంబరులో రాజీ కుదిరింది. బోర్డులో పూర్తి ఓటుహక్కుతో విద్యార్థి ట్రస్టీలు ఉండాలి. ఖర్చులమీద స్వతంత్ర పరిశీలకుడు ఉండాలి. మళ్లీ ఉచిత విద్యకు ఎలా చేరాలో తేల్చడానికి ప్రత్యేక కమిటీ పనిచేయాలి. ఫీజును ఒక్కసారిగా ఎత్తేయలేదు, అది ఉద్యమకారుల్లో కొందరికి మింగుడు పడలేదు. కానీ ఫీజు శాశ్వతం అన్న స్థితి పోయి, తాత్కాలికం అన్న స్థితి వచ్చింది. నా దృష్టిలో అసలు గెలుపు అదే. ఎందుకంటే అప్పటిదాకా ఉచిత విద్య కావాలనేవాళ్లు రుజువులు చూపించుకోవాల్సి వచ్చేది. ఆ తర్వాత, ఎందుకు ఇంకా ఇవ్వలేకపోతున్నామో బోర్డే ఏటా చెప్పుకోవాల్సి వచ్చింది.

2018లో బోర్డు పదేళ్ల ప్రణాళికను ఆమోదించింది. స్కాలర్‌షిప్‌ను ఏడాదికేడాది పెంచుతూ 2028-29 నాటికి డిగ్రీ విద్యార్థులందరికీ మళ్లీ పూర్తి ఉచితం చేయాలన్నది లక్ష్యం. అదే ఏడాది క్రైస్లర్ స్థలం అద్దె పాత ఒప్పందం ప్రకారమే 77.5 లక్షల డాలర్ల నుంచి 3.25 కోట్ల డాలర్లకు పెరిగింది. అద్దె ఒక్కటే చాలదు, విరాళాలు సేకరించాలి, ఖర్చు అదుపులో పెట్టాలి. 2024లో పూర్వ విద్యార్థుల విరాళాల తోడ్పాటుతో చివరి సంవత్సరం వాళ్లకు ఫీజు ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. గడువు కంటే ముందే కొంత దూరం నడిచారన్నమాట.

మధ్యలో 2014 నుంచి చేరిన బ్యాచ్‌లు ఉన్నాయి. వాళ్లలో చాలామంది పూర్తిగానో కొంతగానో ఫీజు కట్టారు, కొందరు అప్పు చేసి కట్టారు. ఆ సొమ్ము వాళ్లకు వెనక్కి రాదు. అయినా బోర్డులో విద్యార్థి ట్రస్టీలుగా కూర్చుని, తర్వాత చేరేవాళ్లకు ఫీజు తగ్గించే బడ్జెట్‌లమీద చర్చించిందీ, ఓటు వేసిందీ ఆ బ్యాచ్‌ల పిల్లలే.