సెల్ఫ్ మోటారు ముందుగా ఇచ్చే హెచ్చరికలు

మదురై నుండి తిరునెల్వేలికి సాగే 44వ నంబరు జాతీయ రహదారి కయత్తారు వద్ద రాత్రింబవళ్లు రద్దీగానే ఉంటుంది. రహదారికి దూరంగా, నల్లరేగడి చేల నడుమ ఉన్న పల్లెల సంగతి వేరు. పొద్దుపోయిన తరువాత అక్కడ బస్సులు అరుదు. అటువంటి వేళ ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, కోవిల్‌పట్టికో తిరునెల్వేలికో చేరడానికి వాకిట్లోని కారే దిక్కవుతుంది. తాళం తిప్పినప్పుడు అది 'టక్' మని ఊరుకుంటే ఇంటిల్లిపాదికీ దిక్కుతోచదు. అయితే సెల్ఫ్ మోటారు చాలా సందర్భాలలో ఒక్కసారిగా చెడిపోదు; ముందుగానే కొన్ని ఆనవాళ్లు చూపుతుంది.

అది చేసే పని

పూర్వం కారు ముందు భాగంలో ఇనుప కడ్డీ దూర్చి, చేతితో తిప్పి ఇంజనును మేల్కొలిపేవారు. కడ్డీ ఎదురు తన్ని చేతులు విరిగిన వారెందరో. అమెరికాకు చెందిన చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో రావడంతో ఆ బాధ తగ్గింది. తాళం తిప్పగానే సొలెనాయిడ్ అనే విద్యుదయస్కాంతం చిన్న పళ్ల చక్రాన్ని ముందుకు నెట్టి, ఇంజను ఫ్లైవీల్ పళ్లతో కలుపుతుంది. అదే క్షణంలో బ్యాటరీ కరెంటును మోటారుకు అందిస్తుంది. ఆ కొద్ది క్షణాలకు వంద ఆంపియర్లకు పైగా కరెంటు అవసరమవుతుంది.

గమనించవలసిన లక్షణాలు

తాళం తిప్పినప్పుడు ఒక్కటే గట్టి 'టక్' వినిపించి ఇంజను కదలకపోతే సొలెనాయిడ్ స్పర్శలుగాని, మోటారులోని కార్బన్ బ్రష్‌లుగాని అరిగి ఉండవచ్చు. మోటారు గిర్రున తిరుగుతున్నా ఇంజను తిరగకపోతే పళ్ల చక్రం ఫ్లైవీల్‌ను అందుకోవడం లేదని అర్థం. ఇనుమును ఇనుముతో గీకినట్లు కర్కశ ధ్వని వస్తే పళ్లు అరుగుతున్నాయి. ఆలస్యం చేస్తే ఫ్లైవీల్ పళ్లు కూడా దెబ్బతిని ఖర్చు పెరుగుతుంది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు మొరాయించి, చల్లారాక పనిచేయడం మరొక సూచన. కాలిన వాసన, పొగ వస్తే వెంటనే ప్రయత్నం మానుకోవాలి. తాళం వదిలినా మోటారు తిరుగుతూనే ఉంటే బ్యాటరీ తీగ విప్పించడం తప్ప వేరు మార్గం లేదు.

తప్పు బ్యాటరీదా, సెల్ఫ్‌దా?

బ్యాటరీ బలహీనపడినా కారు కదలదు. అందువలన ముందుగా హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పి చూడాలి. దీపాలు బాగా మసకబారి, 'టకటక' మని వరుస శబ్దాలు వస్తే అనుమానం బ్యాటరీ మీదనే. దీపాలు ప్రకాశంగా ఉండి ఇంజను మాత్రం కదలకపోతే సెల్ఫ్‌నుగాని, దాని వైరింగునుగాని పరీక్షింపజేయాలి. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. టెర్మినళ్లపై తెల్లని, పచ్చని పొడి పేరుకున్నా కరెంటు సరిగా పారదు. దానిని శుభ్రం చేసి బిగిస్తే సరిపోయే సందర్భాలున్నాయి. కొన్ని కొత్త కార్లు క్లచ్ పూర్తిగా తొక్కితేనే స్టార్టవుతాయన్న విషయమూ మరువరాదు.

చేయదగినవి, చేయరానివి

ఒకసారికి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టరాదు. మధ్యలో కనీసం అర నిమిషం విరామమివ్వాలి. లేకుంటే మోటారు వేడెక్కి కాలిపోతుంది. చేతి గేరున్న కారును రెండవ గేరులో తోసి స్టార్టు చేయవచ్చుగాని, ఆటోమేటిక్ కారుకు ఈ ఉపాయం పనికిరాదు. మోటారును మెల్లగా తట్టితే బ్రష్‌లు కదిలి ఒకటి రెండుసార్లు పనిచేయవచ్చు. అది ఇల్లు చేరడానికే, మరమ్మతుకు బదులు కాదు. స్క్రూడ్రైవరుతో టెర్మినళ్లను కలపడం ప్రమాదకరం. గేరులో ఉన్న కారు మీదికి దూకవచ్చు.

మెకానిక్ వద్ద "కారు స్టార్టు కావడం లేదు" అని మాత్రమే చెప్పక, ఏ శబ్దం వచ్చింది, వేడిలోనా చల్లగా ఉన్నప్పుడా, దీపాలు ఎలా ఉన్నాయి అన్నవి వివరించాలి. కారణం బ్రష్‌లో బుష్‌లో అయితే వాటిని మాత్రమే మార్పించుకోవచ్చు. కొత్త మోటారు కొనవలసిన పని ఉండదు.

ఇక ప్రాణాపాయ సమయంలో కారు మొరాయిస్తే దానితో కుస్తీ పడుతూ కూర్చోక, ఆలస్యం లేకుండా 108కి ఫోను చేయడమే వివేకం. మరమ్మతు తెల్లవారిన తరువాత చేయించుకోవచ్చు.