గస్తీ నిషాన్ 53: శబ్దార్థ విచారము

నిజాము రాష్ట్ర చరిత్రమును జదువువారికి ‘గస్తీ నిషాన్ 53’ అను మాట పలుమాఱు తటస్థించును. గస్తీ యనగా రాత్రివేళ కావలివారు తిరుగుట యని తెనుగువా రెఱుగుదురు. పారసీకమున ‘గశ్త్’ శబ్దమునకు దిరుగుటయే యర్థము. రాజభాషలో నది కచేరినుండి కచేరికి దిరుగు నుత్తరువునకు బేరయ్యెను. నిషాన్ అనునది యిచట సంఖ్యాసూచకము.

మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనమున 1929లో వెలువడిన యీ యుత్తరువు సారము: ముందుగా ననుమతి గొననిదే బహిరంగసభ జరుపరాదు. వ్యాకరణమున నుత్సర్గము సామాన్యవిధి, అపవాదము విశేషవిధి. ప్రజాప్రభుత్వములందు సభ గూడుట యుత్సర్గము, నిషేధ మపవాదము. ఇందు నిషేధమే సామాన్యమై యనుమతి యపవాద మయ్యెను. ఏది రాజకీయమో నిర్ణయించువాడును ననుమతి నిచ్చు నధికారియే. కావున ‘రాజకీయ’ పదమునకు నతివ్యాప్తి దోషము తప్పలేదు.

చేవెళ్ల ప్రాంతమందలి ఆలూరు రాజధానికి సమీపమే. ఐనను నట్టి పల్లెలో పదుగురు గూడి గ్రంథాలయమును గూర్చి సభ చేయదలచినను దరఖాస్తు పెట్టుకొనవలసినదే. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి యధ్యక్షతను మొదలైన ఆంధ్రమహాసభయు నీ కట్టుబాటునకు లోబడియే నడచెను. మొయినాబాదు ప్రాంతమున బుట్టిన కొండా వెంకట రంగారెడ్డి 1936లో షాద్‌నగరు సభకు నధ్యక్షత వహించెను.

ప్రాప్తి కలిగిన పిదపనే ప్రతిషేధ మని శాస్త్రకారు లందురు. 1938లో నీ న్యాయమును దప్పినది. హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు ఏర్పడకమునుపే, సెప్టెంబరు 7వ తేదీని, దానిని నిషేధించిరి. లేనిదానిని నిషేధించిన వింత వ్యాకర్తల కెఱుకలేనిది! అక్టోబరు 24న సత్యాగ్రహ మారంభ మయ్యెను. తొలిజట్టున నిర్బంధితులైనవారిలో రావి నారాయణరెడ్డి యొకడు. ఆ యేటి చివర ఉస్మానియా వసతిగృహములందు వందేమాతరము పాడిన విద్యార్థులను వెడలగొట్టిరి. వారిలో బలువురు నాగపురమునకు బోయి చదువు సాగించిరి. పి.వి. నరసింహారావు వారిలో నొకడు. కాంగ్రెసుపై నిషేధము 1946వఱకు దొలగలేదు.

ఈ నిర్బంధము తెనుగువారికే పరిమిత మనుకొనుట పొరపాటు. షోయబుల్లాఖాను ఉర్దూలో ‘ఇమ్రోజ్’ పత్రిక నడపుచు, రాజ్యము భారతదేశమున జేరవలెనని వ్రాసెను. 1948 ఆగస్టు 22వ తేదీ నర్ధరాత్రమున నాతనిని జంపిరి. వ్రాయు చేతిని సయితము నఱికిరి. భారతసైన్యము హైదరాబాదు రాజ్యమున బ్రవేశించుటకు నప్పటికి మూడు వారములు మాత్రమే యుండెను.