ఎనిమిది అంకె పఫర్ చేప: ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టే ముందు తెలుసుకోవాల్సినవి



నత్తల నివారణ మీద చేసిన వీడియోలో నా వెనకాల ఒక గాజు తొట్టి కనబడింది కదా, దాని గురించి చాలా మంది అడిగారు. "అన్నా, ఆ నత్తల్ని కొరికి తింటున్న చేప ఏంటి? మా పిల్లలకి కొనొచ్చా?" అని. కొనొచ్చు. కానీ ఇది గోల్డ్ ఫిష్ లాంటిది కాదండి. సరిగ్గా చూసుకుంటే పదేళ్ల పైనే బతుకుతుంది. తెలియకుండా తెచ్చుకుంటే కొన్ని నెలల్లో నీరసించి చనిపోతుంది. అందుకే వివరంగా రాస్తున్నాను. తొట్టి సెట్ చేసే విధానం పైన వీడియోలో ఉంది, లెక్కలన్నీ ఇక్కడ ఉన్నాయి.

ముందు చేపను గుర్తుపట్టండి

దీన్ని ఫిగర్ ఎయిట్ పఫర్ అంటారు. ఇండోనేషియా, మలేషియా, కంబోడియా వైపు నదుల్లో, నది సముద్రంలో కలిసే చోట్ల ఉంటుంది. పెద్దదైనా 8 సెంటీమీటర్లే. వీపు మీద ముదురు రంగు, దాని మీద పసుపు గీతలు 8 అంకెలాగా మెలిక తిరిగి ఉంటాయి. తోక దగ్గర పసుపు అంచుతో కన్ను లాంటి నల్ల మచ్చ ఉంటుంది.

షాపుల్లో అన్నిటినీ "పఫర్" అనే అమ్ముతారు. మూడు రకాలు తేడా తెలియాలి:

- బఠాణీ పఫర్: మన పశ్చిమ కనుమల చేప, కేరళ నదుల్లో ఉంటుంది. రెండున్నర సెంటీమీటర్లు. పూర్తిగా మంచినీటి చేప, ఉప్పు వద్దు.
- గ్రీన్ స్పాటెడ్ పఫర్: ఆకుపచ్చ వీపు మీద గుండ్రటి నల్ల చుక్కలు. 15 సెంటీమీటర్లు దాకా పెరుగుతుంది. పెద్దయ్యే కొద్దీ ఉప్పు బాగా పెంచాలి, తొట్టి కూడా చాలా పెద్దది కావాలి.
- ఎనిమిది అంకె పఫర్: తక్కువ ఉప్పు చాలు, ఇంటికి సరిపోయే సైజు.

"మంచినీళ్లలోనే బతుకుతుంది సార్" అని అమ్మేవాళ్లు చెబుతారు. కొన్నాళ్లు బతుకుతుంది, అది నిజమే. కానీ ఎక్కువ కాలం ఆరోగ్యంగా ఉండాలంటే కొంచెం ఉప్పు ఉండాల్సిందే. కొనేటప్పుడు కడుపు లోపలికి పోయిన చేపను తీసుకోవద్దు. ఈ చేపలు ఎక్కువగా నదుల్లో పట్టి తెచ్చినవే కాబట్టి కడుపులో పురుగులు ఉండే అవకాశం ఎక్కువ.

ఉప్పు లెక్క

మన కోస్తాలో రొయ్యల రైతులకు పీపీటీ అంటే చెప్పక్కర్లేదు. లీటరు నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పు ఉందో అదే పీపీటీ. సముద్రం 35 ఉంటుంది. ఈ చేపకు 5 నుంచి 8 మధ్య చాలు. నేను 7 దగ్గర ఉంచుతున్నాను. 60 లీటర్ల నీటికి 420 గ్రాములు అన్నమాట. కొలవడానికి రొయ్యల చెరువు దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరే సరిపోతుంది.

వంటింటి ఉప్పు వాడకండి. అందులో దాదాపు అంతా సోడియం క్లోరైడే. అక్వేరియం షాపులో మెరైన్ సాల్ట్ అని దొరుకుతుంది. అందులో కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్లు కూడా ఉంటాయి కాబట్టి పీహెచ్ 7.5 నుంచి 8.3 మధ్య నిలబడుతుంది.

షాపులో మంచినీళ్లలో పెట్టిన చేపను ఒకేసారి 7లో వేయకూడదు. మొదట లీటరుకు 2 గ్రాములతో మొదలుపెట్టి, వారానికి ఒకటిన్నర గ్రాము చొప్పున పెంచుకుంటూ పోవాలి.

ఎండాకాలంలో తొట్టి నీళ్లు తగ్గుతాయి కదా. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పెరిగిపోతుంది. నీళ్లు మార్చినప్పుడు మాత్రం కొత్త నీటిలో లెక్క ప్రకారం ఉప్పు కలపాలి. ఈ రెండింటికీ తేడా మర్చిపోవద్దు.

తొట్టి, బ్యాక్టీరియా

ఒక చేపకు కనీసం 60 లీటర్ల నీళ్లు కావాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉన్న తొట్టి సరిపోతుంది. అడుగున ఇసుక, దాక్కోడానికి రాళ్లు, మంచి ఫిల్టర్ పెట్టండి. 24 నుంచి 28 డిగ్రీల వేడి బాగుంటుంది. మన మే నెల ఎండలకు నీటి మీద చిన్న ఫ్యాన్ తిప్పండి. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ తీసేసే మందు కలిపిన తర్వాతే పోయాలి.

చేప తెచ్చే ముందు తొట్టి నాలుగు నుంచి ఆరు వారాలు నడవాలి. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నేలలో అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉన్నట్టే ఫిల్టర్‌లో కూడా తయారవ్వాలి. చేప లేకుండా చిన్న రొయ్య ముక్క వేసి ఫిల్టర్ నడపండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే చేపను వదలండి. "జీవామృతం కొంచెం పోస్తే తొందరగా అవుతుందా?" అని అడుగుతారేమో. వద్దండి. పేడ, మూత్రంతో అమ్మోనియా ఒక్కసారిగా పెరుగుతుంది.

మేత: అసలు పని ఇక్కడే

దీని నోట్లో నాలుగు పళ్లు చిలక ముక్కులాగా కలిసిపోయి ఉంటాయి. అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గట్టి పెంకు కొరికితేనే అరుగుతాయి. అరగకపోతే నోరు మూసుకుపోయి, మేత ముందే ఉన్నా తినలేక చచ్చిపోతుంది. అందుకే గుళికల మేత మీద ఆధారపడొద్దు.

నేను ఒక ప్లాస్టిక్ టబ్బులో చిన్న నత్తలు పెంచుతున్నాను. దోసకాయ ముక్కలు, పాలకూర ఆకులు వేస్తే చాలు, అవే పెరుగుతాయి. నత్తలతో పాటు బ్లడ్ వార్మ్స్, పెంకుతో ఉన్న చిన్న రొయ్యలు మార్చి మార్చి ఇవ్వండి. ఒక్క పచ్చి రొయ్యలే పెట్టొద్దు, వాటిలో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. పిల్ల చేపకు రోజూ, పెద్దదానికి రోజు విడిచి రోజు.

పొలంలో నత్తలు ఏరి వేయకండి. పక్క చేల్లో ఏ మందు కొట్టారో మనకు తెలియదు. పఫర్‌కు పొలుసులు ఉండవు, మందులకు తొందరగా దెబ్బతింటుంది, ముఖ్యంగా రాగికి. బోర్డో మిశ్రమం కలిపిన చేతులతో, ఆ బకెట్‌తో తొట్టి జోలికి పోవద్దు.

వేరే చేపల్ని తోడు పెట్టొద్దు, రెక్కలు కొరికేస్తుంది. ఒక తొట్టికి ఒక్కటే మేలు. పొట్ట ఉబ్బించడం చూడాలని పిల్లలు దాన్ని బెదిరించకూడదు. అది భయంతో చేసే పని. నీటి బయట ఉబ్బితే గాలి లోపల ఇరుక్కుని ప్రాణం మీదకు వస్తుంది. వలతో కాకుండా మగ్గుతో నీళ్లతో సహా పట్టండి.

నీళ్లు ఎక్కడ పోయాలి?

వారానికి నాలుగో వంతు, అంటే 15 లీటర్లు మారుస్తాం. మామూలు అక్వేరియం నీళ్లు మొక్కలకు మంచివే. ఇవి మాత్రం పోయకూడదు. సాగునీటి ఈసీ 3 దాటితేనే చాలా పంటలకు ఇబ్బంది, ఈ నీళ్లది 10 దాటుతుంది. 15 లీటర్లంటే వంద గ్రాములకు పైగా ఉప్పు. ప్రతి వారం పెరటి నేలలో పోస్తే వానపాములు కూడా ఉండవు. డ్రైనేజీలో పోసేయండి.

ఇంకో రెండు మాటలు

పఫర్ జాతి చేపల్లో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. వండినా పోదు, విరుగుడు లేదు. తొట్టిలో ఉంటే మనకు ప్రమాదం లేదు, కానీ చనిపోతే పిల్లికో, కోడికో వేయకుండా లోతుగా పాతిపెట్టండి.

పెంచలేకపోతే కాలువలో, చెరువులో వదలకండి. అక్వేరియంల నుంచి బయటపడ్డ సక్కర్ చేప మన చెరువుల్లో వలలు చింపుతూ చేపల రైతులను ఎంత ఏడిపిస్తుందో చూస్తున్నాం. షాపుకు తిరిగి ఇవ్వండి, లేదా పెంచే మనిషిని వెతికి ఇవ్వండి.

వారానికి ఒక గంట, నత్తల టబ్బుకు కొంచెం చోటు, పదేళ్ల ఓపిక ఉంటే తెచ్చుకోండి. మిమ్మల్ని గుర్తుపట్టి గాజు దగ్గరకు వచ్చి కళ్లు తిప్పి చూసే చేప ఇది. ఆ ఓపిక లేకపోతే ఇప్పుడే మానేయడం మంచిది. నత్తల పెంపకం వీడియో కింద ఇచ్చాను, అది చూశాకే షాపుకు వెళ్లండి.