‘పడదు’ అన్నవారిని బలవంతపెట్టకండి

మండపేటలో మా సంఘపు ప్రేమవిందు ఒకటి మేము ఎన్నటికీ మరువలేము. “పిన్నిగారూ, నాకు రొయ్యలు పడవండి” అన్నాడు పదేళ్ల పిల్లవాడు. “వంకాయ కూరేలే బాబూ, తిను” అని ఆమె ప్రేమతోనే వడ్డించింది. ఆ కూరలో రొయ్యపొట్టు వేసిన సంగతి ఆమెకు తోచలేదు. పది నిమిషాలలో ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, పెదవులు వాచాయి, ఊపిరి అందలేదు. ఆస్పత్రిలో డాక్టరుగారు తొడకు ఎడ్రినలిన్ ఇంజెక్షన్ చేయగా బిడ్డ తేరుకున్నాడు. తప్పు మాదే, వాడి మాట మేము లెక్కచేయలేదు.

ఇది దిష్టి కాదు, పైత్యమూ కాదు. రోగక్రిములతో పోరాడవలసిన శరీరరక్షణ శక్తి, కొందరిలో ఆహారములోని మాంసకృత్తులను శత్రువుగా పొరబడుతుంది. అప్పుడు హిస్టమిన్ వంటి పదార్థాలు విడుదలై దురద, వాపు, వాంతులు, ఆయాసము కలుగుతాయి. దీనినే ఎలర్జీ అంటారు. పాలు అరగక కడుపు ఉబ్బరించడము వేరు.

రొయ్యల చెరువులు, కోళ్లఫారాలు ఉన్న ప్రాంతము మనది. “కొంచెం తింటే ఏమవుతుంది? అలవాటైతే అదే పోతుంది” అంటుంటాము. ఈ మాట ప్రాణాంతకము. రొయ్యలోని ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు ఎంత ఉడికించినా నశించదు. పీతలోనూ అటువంటిదే ఉన్నది. రొయ్యల కూర కలిపిన గరిటె మరొక కూరలో పెట్టినా ప్రమాదమే. గుడ్డు, పాల ఎలర్జీలు చాలామంది పిల్లలకు వయసుతో తగ్గుతాయి; రొయ్యలది సాధారణంగా జీవితాంతము ఉంటుంది. తగ్గినదో లేదో డాక్టరుగారే పరీక్షించాలి, ఇంట్లో ప్రయోగము వద్దు. కేకు, బిస్కెట్ ప్యాకెట్లు కొనేటప్పుడు అట్టమీద చదవండి. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారము గుడ్డు, పాలు, వేరుశెనగ, చేప, రొయ్యజాతి వంటివి ఉంటే తెలియజేయాలి.

ఊపిరి ఆడకపోయినా, గొంతు పట్టేసినా, సొమ్మసిల్లినా వెంటనే 108కు ఫోను చేయండి. రోగిని నడిపించక, కాళ్లు ఎత్తుగా ఉంచి పడుకోబెట్టండి, ఆయాసముంటే కూర్చోనివ్వండి. అప్పుడు కావలసినది ఎడ్రినలిన్. సిట్రజిన్ బిళ్ల దానికి బదులు కాదు. తగ్గినట్లున్నా కొన్ని గంటలకు తిరగబెట్టవచ్చు గనుక డాక్టరు చెప్పేవరకు ఆస్పత్రిలోనే ఉండాలి.

భోజనము నిమిత్తము సహోదరునికి హాని చేయవద్దని పౌలు రోమా సంఘానికి వ్రాశాడు. ఆయన చెప్పినది మనస్సాక్షిని గూర్చియైనా, మన విందు పంక్తికీ అది తగినదే. ఇప్పుడు మా సంఘంలో వడ్డనకు ముందు “ఎవరికైనా ఏదైనా పడదా?” అని అడుగుతున్నాము. ప్రార్థన చేద్దాము, బండిని పిలవడంలో మాత్రము ఆలస్యము చేయవద్దు.