ఖాళీ తూటాల లెక్క

2022 ఫిబ్రవరిలో ‘భీమ్లా నాయక్’ ప్రీ రిలీజ్ వేడుక హైదరాబాద్ యూసుఫ్‌గూడ పోలీస్ గ్రౌండ్స్‌లో జరిగింది. తెరమీది ఎస్సై కోసం అభిమానులు ఎగబడిన ఆ చోట అసలు పోలీసులే కాపురముంటారు. ప్రత్యేక పోలీసు మొదటి బెటాలియన్ ఇక్కడిదే. పక్కనే కృష్ణానగర్, జూనియర్ ఆర్టిస్టుల అడ్డా. నిజం తుపాకీకీ ఉత్తుత్తి తుపాకీకీ ఇంత దగ్గరి ఇరుగుపొరుగు ఇంకెక్కడ దొరుకుతుంది?

మన సినిమాల్లో హీరో పిస్టల్ పేలిస్తే రౌడీ పదడుగులు ఎగిరి పడతాడు. ఆ రౌడీ రైఫిల్‌తో వంద రౌండ్లు కాల్చినా హీరో భుజం గీరుకుపోతుంది, అంతే!

రెండు తూటాలూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. 9 ఎంఎం పిస్టల్ తూటా పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. గుండు బరువు దాదాపు 8 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. ఇన్సాస్ రైఫిల్ వాడే 5.56 ఎంఎం గుండు అందులో సగమే. కానీ దాని వెనక పొడవాటి ఇత్తడి తొడుగు, దాన్నిండా మందు. వేగం 900 మీటర్లు దాటుతుంది. సగం బరువు గుండే మూడు రెట్లకు మించిన శక్తితో తగులుతుంది. రౌడీ గాల్లోకి లేవడమంటారా, అది నడుముకు కట్టిన రోప్ మహిమ.

మందు చేత్తో దట్టించడం నాటు తుపాకీ పట్టినవాళ్లకు కొత్త కాదు. అమెరికాలో గురి పోటీలవాళ్లు చాలామంది పేలిన తొడుగుల్ని ఏరుకుని, వాటిలోనే కొత్త మందు నింపుకుంటారు. ఖర్చు తగ్గుతుంది, తూటాలన్నీ ఒక్క తీరున కుదురుతాయి. ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే 1959 నాటి ఆయుధాల చట్టం ఊరుకోదు.

అన్ని తూటాలనూ అలా తిరిగి నింపలేం. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో రజతం గెలిచింది. ఆ పోటీలో వాడేది పాయింట్ 22 తూటా. 50 మీటర్ల రైఫిల్ పోటీలోనూ అదే. దాన్ని మళ్లీ నింపుకునే వీలు లేదు. నిప్పు రాజేసే రసాయనం తొడుగు అంచు మడతలోనే ఉంటుంది, పేలగానే ఆ అంచు నలిగిపోతుంది.

సినిమావాళ్లు సొంతంగా తూటాలు విప్పితే ఏమవుతుందో 1993 మార్చిలో హాలీవుడ్ చూసింది. ‘ది క్రో’ షూటింగ్. క్లోజప్‌లో రివాల్వర్ నిండా తూటాలు కనిపించాలి. అసలు తూటాల గుండ్లు ఊడదీసి, మందు ఒంపేసి, గుండ్లు తిరిగి బిగించి డమ్మీలు చేశారు. అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ మాత్రం మిగిలిపోయింది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ చిటికెడు నిప్పుకే ఒక గుండు కదిలి గొట్టంలో ఇరుక్కుంది. ఎవరూ గొట్టంలోకి తొంగి చూడలేదు. తర్వాత అదే రివాల్వర్‌లో బ్లాంక్ పెట్టారు. బ్లాంక్‌లో గుండు ఉండదు, మందు ఉంటుంది. ఇరుక్కున్న గుండుకు అది చాలు. బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ 28 ఏళ్లకే పోయాడు.

ఇప్పుడు గొట్టం చివరి మంటల్ని ఎక్కువగా గ్రాఫిక్స్‌లోనే అతికిస్తున్నారు. మంచిదే. కాకపోతే ఖాళీ తొడుగులు రాలడం మరిచిపోతుంటారు; ఇరవై రౌండ్లు పేలినా నేల అద్దంలా మెరుస్తుంటుంది. పోలీసు ఫైరింగ్ రేంజ్‌లో అలా కుదరదు. కాల్పులయ్యాక వంగి, ఖాళీలన్నీ ఏరి, లెక్క అప్పజెప్పాకే ఇంటికి.