రేడియో లారీకి మెఱుగులు

1898లో న్యూయార్కు నగరమున నికోలా టెస్లా తీగ లేకయే చిన్న నావను నడిపి చూపెను. నేఁడా విద్య బాలుర యాటలారీలకు దిగివచ్చినది. క్రొత్తగా లారీ కొన్న బాలురు నన్ను మొదట నడుగునది పెద్ద మోటారును గూర్చియే. శబ్దములు వల్లింపకయే కావ్యము పట్టఁబోవు విద్యార్థులను పాఠశాలలోఁ బెక్కండ్రను జూచితిని, ఇదియు నట్టిదే.

మోటారు బలము పినియను మీదుగాఁ బండ్లచక్రములకు, వానినుండి యిరుసులకుఁ బోవును. ఈ వరుసలో దుర్బలమైనదే ముందు విఱుగును. కావున మొదట ప్లాస్టిక్ బుష్‌లను దీసి బాల్ బేరింగులు వేయవలెను. ఒరపిడి తగ్గి, ఉన్న బలమే యెక్కువ పనిచేయును, వ్యయమును స్వల్పము. పిమ్మట నూనె నింపిన షాకబ్జార్బరు లమర్చిన, గతుకులమీఁద బండి యెగిరిపడక నేలను బట్టి పోవును. పినియను పండ్లు పెంచిన వేగము హెచ్చును, మోటారును వేఁడెక్కును. కొలఁది నిమిషములు నడిపి యా వేఁడిమిని బరీక్షింపుఁడు.

బ్రష్‌లు లేని మోటారు, లిథియం పాలిమర్ బ్యాటరీ చివరివి. రెండింటికిని దగిన స్పీడ్ కంట్రోలరు ముందుండవలెను. రెండు సెల్లుల బ్యాటరీ 7.4 వోల్టులది, ఏ సెల్లును 3 వోల్టులకు దిగువఁ బోరాదు. దానికై చేసిన ఛార్జరుతోనే, పెద్దలు చూచుచుండఁగా ఛార్జి చేయవలెను. ఉబ్బిన బ్యాటరీ నిప్పంటుకొనవచ్చును. దానిని మరల వాడరాదు.

ఒక మార్పు చేసి, నడిపి చూచి, పిదప మఱియొకటి చేయుఁడు. ఏ మార్పు ఏ ఫలమిచ్చెనో మీకే తెలియును.