గోడ మారినా పాప బొమ్మ మనతోనే

విద్యానగర్, తార్నాక అద్దె ఫ్లాట్లలో మేకు కొడితే చాలు, ఓనర్ నుంచి ఫోన్! మరి పాప గదిలో బొమ్మలెలా? గుడ్డ మీద వేసేద్దాం.

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ కళాకారులది ఇదే పద్ధతి. ఖద్దరుకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, ఆరాక ఎర్రటి నేపథ్యంలో కథని గడులు గడులుగా వేస్తారు. కథలు చెప్పేవాళ్లు ఆ పటాన్ని చుట్టి ఊరూరా తీసుకెళ్లేవారు.

మనకి తెల్ల అక్రిలిక్ రెండు పూతలు చాలు. నాలుగు గడులు గీయండి. పైన పాప పేరు, తెలుగులోనే. తర్వాత అమ్మమ్మ. ఆ కింద ఓయూ ఆర్ట్స్ కాలేజీ. చివరి గడి ఖాళీగా వదిలేయండి, అది పాపే వేస్తుంది. పైనా కిందా కర్ర దూర్చి కుట్టి, అంటించే హుక్‌కి తగిలించండి.

కొన్న పోస్టర్‌లో పాప పేరుంటుందేమో గానీ, వాళ్ల అమ్మమ్మ ఉండదు కదా! ఇల్లు మారేటప్పుడు చుట్టి చంకలో పెట్టుకుంటే సరి.